కోడిపిల్లల షెడ్డుకు ఎంత హీటరు కావాలి? పిల్లల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు
చలికాలపు బ్రూడింగులో వేడి లెక్క తెలియక నష్టపోతున్న చిన్న రైతులు
బరకం, గాలి, గ్యాసు మూడింటినీ కలిపి చూస్తేనే సరైన సామర్థ్యం

ఏలూరు, తాడేపల్లిగూడెం: చలికాలంలో కోడిపిల్లల పెంపకం చేపట్టే రైతుకు మొదటి పది రోజులే గండం. హేచరీ నుంచి వచ్చిన పిల్లలు ఎంత మేలుజాతివైనా, మేత ఎంత మంచిదైనా, షెడ్డులో వేడి చాలకపోతే తెల్లవారేసరికి మూలల్లో కుప్పపడి ఊపిరాడక చనిపోతాయి. వేడి మితిమీరినా ముప్పే. నీరసించి, ఒంట్లో నీరు ఇంకిపోయి, మేత ముట్టక క్షీణిస్తాయి. ఇంత కీలకమైన వేడిని ఇచ్చే హీటరును ఎంచుకునే విషయంలో మాత్రం చాలామంది రైతులు అలవాటునో, పక్క షెడ్డు వారినో, దుకాణదారు మాటనో అనుసరిస్తున్నారు. వెయ్యి పిల్లలకు ఒక గ్యాసు బ్రూడరు, రెండు వేలకు రెండు అనే లెక్కతో సరిపెడుతున్నారు. వాస్తవానికి ఎంత హీటరు కావాలో నిర్ణయించేది పిల్లల సంఖ్య ఒక్కటే కాదు. షెడ్డు నుంచి వేడి ఎంత వేగంగా బయటికి పోతోందన్నది అంతకన్నా ముఖ్యం. ఈ లెక్క కష్టమైనది కాదు. కొలతబద్ద, థర్మామీటరు, గుణకారం తెలిస్తే ఎవరైనా కట్టుకోవచ్చు.

కోళ్ల పరిశ్రమకు ఉభయ గోదావరి జిల్లాలు పెట్టింది పేరు. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ప్రకటించే ధరల పట్టికలో తూర్పు గోదావరికి, పశ్చిమ గోదావరికి విడివిడిగా చోటు ఉంది. తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోని పెద్ద ఫారాలకు సొంత సాంకేతిక సిబ్బంది ఉంటారు. ఇబ్బందంతా వెయ్యి, రెండు వేల పిల్లలను తెచ్చి నాలుగైదు వారాలు పెంచి అమ్ముకునే చిన్న రైతులదే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లను, నాటు రకాలను పెంచేవారిలో ఎక్కువమంది ఈ కోవలోని వారే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ కావడం ఈ ప్రాంతపు కోళ్ల రైతులను కుంగదీసింది. అటువంటి దెబ్బ తరువాత కొత్తగా పిల్లలను దింపుకునే రైతుకు, చలి వల్ల మరో విడత పోగొట్టుకునే స్తోమత ఉండదు.

పిల్లకు వేడి ఎందుకు?

గుడ్డు నుంచి వెలువడిన కోడిపిల్ల బరువు సుమారు 40 గ్రాములు. ఒంటిపై నూగే తప్ప ఈకలు ఉండవు. పెద్ద కోడి తన ఒంటి వేడిని తానే కాపాడుకోగలదు. పిల్లకు ఆ శక్తి పూర్తిగా రావడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటివరకు చుట్టూ ఉన్న గాలి, కాళ్ల కింది ఊక పరుపు ఎంత వెచ్చగా ఉంటే పిల్ల అంత వెచ్చగా ఉంటుంది. చలిగా ఉన్నప్పుడు తిన్న మేత పెరుగుదలకు పోక వేడికే ఖర్చవుతుంది. కడుపులో మిగిలిన పచ్చసొన సరిగా ఇంకదు. బొడ్డు వాపు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. మొదటి వారంలో తప్పించుకున్న పిల్లలు కూడా ఎదుగుదలలో వెనుకబడి, మంద అంతా ఎక్కువ తక్కువలుగా తయారవుతుంది.

మొదటి వారంలో బ్రూడరు అంచు వద్ద, పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలన్నది స్థిరపడిన సూత్రం. అక్కడి నుంచి వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించాలి. రెండో వారం 90, మూడో వారం 85, నాలుగో వారం 80, ఐదో వారం 75 డిగ్రీలు. షెడ్డు మొత్తాన్ని ఒకే తీరున వేడిచేసే పద్ధతిలో అయితే తొలి రోజుల్లో 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుతారు. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం మధ్య ఉండడం మేలు.

మన చలి తక్కువే, కానీ...

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో చలి ఉత్తరాది చలి వంటిది కాదు. జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చలి ముదిరిన రాత్రుల్లో ఇంకా పడిపోతుంది. బుట్టాయగూడెం, పోలవరం వైపు మన్యం ప్రాంతంలో చలి మరింత ఎక్కువ. మనిషికి దుప్పటితో తీరే ఈ చలి కోడిపిల్లకు ప్రాణాంతకం. బయట 17 డిగ్రీలు, లోపల 33 డిగ్రీలు కావాలంటే 16 డిగ్రీల తేడాను తెల్లవార్లూ నిలబెట్టాలి. హీటరు చేసే పని అంతా ఈ తేడాను నిలపడమే.

కొల్లేరు పరిసరాల్లో మరో రెండు సమస్యలు ఉన్నాయి. మొదటిది గాలి. చేపల చెరువుల గట్లపై వేసిన షెడ్లకు చెట్ల చాటు, ఇళ్ల చాటు ఉండదు. నీటి మీదుగా వచ్చే గాలి పరదాల సందుల్లోంచి నేరుగా లోపలికి దూరుతుంది. రెండోది తేమ. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు గాలి తేమతో నిండి ఉంటుంది. ఊక పరుపు తడిసిందంటే అమ్మోనియా ఘాటు, రక్తపు విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు వరుస కడతాయి. కనుక ఇక్కడ హీటరు ఎంపికలో వేడితో పాటు తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

గొడుగు కింద వేడి వేరు, గది వేడి వేరు

హీటరు కొనేముందు రైతు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది. వేడి ఇవ్వవలసింది పిల్లలు ఉన్న చోటుకా, గది మొత్తానికా?

రేకు గొడుగు కింద బల్బులు అమర్చి, చుట్టూ ఒకటిన్నర అడుగుల ఎత్తు చిక్ గార్డు కట్టే పాత పద్ధతిలో గొడుగు కింది నేల మాత్రమే వేడెక్కుతుంది. వేడి కావలసిన పిల్ల లోపలికి వెళుతుంది, చాలనుకున్నది బయటికి వస్తుంది. ఈ పద్ధతికి వాడుకలో ఉన్న లెక్క ఒక పిల్లకు వేసవిలో 1 వాటు, చలికాలంలో 2 వాట్లు. అంటే 250 పిల్లల గొడుగుకు చలికాలంలో 500 వాట్లు కావాలి. 200 వాట్ల బల్బులు మూడు పెడితే సరిపోతుంది. ఇవి పాతరకం ఫిలమెంటు బల్బులై ఉండాలి. ఎల్ఈడీ బల్బులు వెలుగునిస్తాయే తప్ప పిల్లలకు చాలినంత వేడినివ్వవు.

ఇదే 2 వాట్ల సూత్రాన్ని గది మొత్తాన్ని వేడిచేసే హీటర్లకు కూడా అన్వయించడం వల్లనే పొరపాటు జరుగుతోంది. గదిని వేడిచేసినప్పుడు పైకప్పు, గోడలు, సందులు అన్నీ వేడిని లాగేస్తాయి. అక్కడ పిల్లకు 2 వాట్లు ఏ మూలకూ చాలవు. ఎంత చాలదో ఒక ఉదాహరణతో చూడవచ్చు.

రెండు వేల పిల్లల గదికి లెక్క

షెడ్డులో ఒక భాగాన్ని 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున బరకాలతో గదిలా మూసి, పైన కూడా బరకం పరిచారని అనుకుందాం. మొదటి వారానికి ఇందులో 2,000 పిల్లలు సరిపోతాయి. మీటర్లలో ఈ గది సుమారు 9, 6, 2.4. చుట్టు గోడల విస్తీర్ణం 72, పైకప్పు 54, మొత్తం 126 చదరపు మీటర్లు. గది లోపలి గాలి దాదాపు 130 ఘన మీటర్లు.

మొదటి మెట్టు: బరకం ద్వారా పోయే వేడి. ఒంటిపొర బరకం ఒక చదరపు మీటరుకు, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 6 వాట్ల వేడిని బయటికి వదులుతుంది. 126 చదరపు మీటర్లను 6తో గుణిస్తే 756 వాట్లు. దీనిని 16 డిగ్రీల తేడాతో గుణిస్తే సుమారు 12,000 వాట్లు, అంటే 12 కిలోవాట్లు. ఊక పరుపు కింద నేలకు పోయే వేడి దీనితో పోలిస్తే స్వల్పం.

రెండో మెట్టు: గాలితో పాటు పోయే వేడి. పిల్లలకు ఊపిరాడాలంటే గదిలోని గాలి గంటకు కొన్నిసార్లు మారాలి. బయటి నుంచి వచ్చిన ప్రతి ఘన మీటరు గాలిని ఒక్క డిగ్రీ వేడిచేయడానికి 0.33 వాట్ గంటల శక్తి పడుతుంది. గంటకు మూడుసార్లు గాలి మారితే 130ని 3తో, 0.33తో గుణించగా సుమారు 129 వాట్లు. 16 డిగ్రీలకు ఇది 2 కిలోవాట్లు.

రెండూ కలిపితే 14 కిలోవాట్లు. రెండు వేల పిల్లలకు పంచితే తలకు 7 వాట్లు. గొడుగు సూత్రం ప్రకారం పిల్లకు 2 వాట్ల చొప్పున 4 కిలోవాట్ల హీటరు తెచ్చిన రైతు గది, అదే రాత్రి 17 డిగ్రీల చలిలో 22 డిగ్రీలు కూడా దాటదు. హీటరు తెల్లవార్లూ మండుతూనే ఉంటుంది, పిల్లలు కుప్పలు పడుతూనే ఉంటాయి. రైతు హీటరును తప్పుపడతాడు. వాస్తవానికి తప్పింది లెక్క.

ఇదే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నదే. చలి దేశాలలో రాత్రిళ్లు పడుకునే వసతి ఉన్న వ్యాన్లకు హీటరు ఎంచుకునేవారు కూడా రేకు విస్తీర్ణం, లోపలి మెత్త, బయటి చలి, గాలి మార్పు చూసుకునే నిర్ణయిస్తారు. అటువంటి చిన్న వ్యానుకు 2 కిలోవాట్ల హీటరు సాధారణంగా చాలుతుంది. బరకం గదికి అంతకు ఏడింతలు కావలసి రావడానికి కారణం, గది పెద్దది కావడం ఒకటైతే, బరకానికి వేడిని ఆపే గుణం దాదాపు లేకపోవడం మరొకటి.

హీటరు కన్నా ముందు బరకం

14 కిలోవాట్లలో 12 కిలోవాట్లు బరకం గుండానే పోతున్నప్పుడు పెద్ద హీటరు కొనడం కన్నా ఆ దారి మూయడమే లాభసాటి. ఒంటిపొర స్థానంలో రెండు పొరలు కట్టి, వాటి మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలితే, ఆ ఖాళీలో నిలిచిన గాలి దుప్పటిలా పనిచేస్తుంది. అప్పుడు చదరపు మీటరుకు పోయే వేడి 6 వాట్ల నుంచి సుమారు 3.5 వాట్లకు తగ్గుతుంది. 126ను 3.5తో గుణిస్తే 441 వాట్లు. 16 డిగ్రీలకు 7 కిలోవాట్లు. గాలి మార్పుకు 2 కలిపితే మొత్తం 9 కిలోవాట్లు. ఒక్క పొర బరకంతో 5 కిలోవాట్ల హీటరు మిగిలినట్లే. రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుపోతే ఈ ప్రయోజనం ఉండదు. మధ్యలో ఖాళీ నిలబడేలా వెదురు బద్దలు కట్టాలి.

బరకం పైకప్పును 8 అడుగుల నుంచి 6 అడుగులకు దింపితే చుట్టు గోడల విస్తీర్ణం 54 చదరపు మీటర్లకు తగ్గి మరో కిలోవాటు ఆదా అవుతుంది. వేడి గాలి పైకి చేరుతుంది కనుక పైకప్పు తక్కువగా ఉంటే పిల్లల ఎత్తులో వేడి నిలుస్తుంది. అయితే మంటతో పనిచేసే బ్రూడర్లకు, బరకానికి మధ్య తయారీదారు చెప్పిన దూరం తప్పనిసరిగా ఉండాలి. ఆ దూరం కుదరని చోట పైకప్పు దింపరాదు.

గ్యాసుతో వచ్చే తిరకాసు

ఒక కిలో వంటగ్యాసు కాలితే సుమారు 12.8 కిలోవాట్ గంటల వేడి వస్తుంది. దానితో పాటు ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి, సుమారు 3 కిలోల బొగ్గుపులుసు వాయువు కూడా అదే గదిలోకి వస్తాయి. అది కాలడానికి 12, 13 ఘన మీటర్ల గాలి ఖర్చవుతుంది. గొట్టం ద్వారా పొగ బయటికి పోయే ఏర్పాటు లేని బ్రూడర్లన్నిటికీ ఇది వర్తిస్తుంది.

కోడిపిల్లల గదిలో బొగ్గుపులుసు వాయువు 3,000 పీపీఎం మించకూడదన్నది పాటించవలసిన హద్దు. 9 కిలోవాట్ల వేడికి గంటకు 700 గ్రాముల గ్యాసు కాలుతుంది. దాని నుంచి వచ్చే వాయువును ఈ హద్దులో ఉంచడానికి గంటకు మూడుసార్లకు కాస్త ఎక్కువగా గాలి మారాలి. ఒంటిపొర బరకంతో 14 కిలోవాట్ల హీటరు పెడితే మాత్రం మూడుసార్లు చాలదు, ఐదుసార్లు మారాలి. అంత గాలి మారితే మరింత వేడి పోతుంది, లెక్క 15.5 కిలోవాట్లకు చేరుతుంది. ఎక్కువ గ్యాసుకు ఎక్కువ గాలి, ఎక్కువ గాలికి ఎక్కువ గ్యాసు. ఈ వలయం నుంచి బయటపడే దారి కూడా రెండో పొర బరకమే. పిల్లల శ్వాస నుంచి వచ్చే వాయువు దీనికి అదనం. పిల్లలు పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది.

ఖర్చు సంగతీ చూడాలి. చలి రాత్రి 12 గంటలపాటు 9 కిలోవాట్ల చొప్పున మండితే సుమారు 8.4 కిలోల గ్యాసు అవుతుంది. 19 కిలోల వాణిజ్య సిలిండరు రెండు రాత్రులకు వస్తుంది. ఒంటిపొర గదిలో అదే రాత్రికి 14.5 కిలోలు కావాలి. ఒక్క రాత్రి తేడా 6 కిలోలు. ఇళ్లలో వాడే సిలిండర్లను వ్యాపార అవసరాలకు వాడడం చట్టరీత్యా నిషిద్ధమని రైతులు గుర్తుంచుకోవాలి.

కరెంటు హీటర్లు, బొగ్గుల కుంపట్లు

కరెంటు హీటర్లతో పొగ, ఆవిరి బెడద లేదు. కానీ 9 కిలోవాట్లంటే ఒక్క ఫేజుపై 39 ఆంపియర్ల కరెంటు. ఇళ్లకు వేసే మామూలు వైరు దీనిని మోయలేదు. త్రీఫేజు సరఫరా, తగిన మందం ఉన్న వైరు, విడి బ్రేకరు ఉండాలి. రాత్రికి 108 యూనిట్ల ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఈ భారాన్ని మోయగల జనరేటరు లేకపోతే కరెంటు హీటర్లపై పూర్తిగా ఆధారపడడం సాహసమే అవుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను వంటివి కార్తిక మార్గశిర మాసాల్లోనే వస్తుంటాయి. పిల్లలను దింపే కాలం కూడా అదే.

బొగ్గుల కుంపట్లు, ఊక పొయ్యిలు చౌక. వరి పండే ఈ సీమలో ఊకకు కొదవలేదు. కిలో బొగ్గు నుంచి సుమారు 8 కిలోవాట్ గంటలు, కిలో ఊక నుంచి సుమారు 3.7 కిలోవాట్ గంటల వేడి వస్తుంది. అయితే వీటి మంటను ఒకే తీరున నిలపడం కష్టం. పైగా మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడు వెలువడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లు గట్టిగా అంటుకుంటుంది. పిల్లలనే కాదు, కాపలాకు అదే గదిలో పడుకున్న మనిషిని కూడా నిద్రలోనే చంపుతుంది. కుంపటి తప్పనిసరైతే పొగగొట్టం బరకం దాటి బయటికి పోయేలా అమర్చాలి. ఏ రకం మంట ఉన్నా ఆ గదిలో మనుషులు పడుకోరాదు. గ్యాసు బ్రూడరు మంట నీలంగా కాక పసుపు రంగులో ఊగుతుంటే గాలి చాలడం లేదని, బర్నరు శుభ్రం చేయాలని గ్రహించాలి.

పెద్దది ఒకటా, చిన్నవి మూడా?

లెక్కలో వచ్చిన 9 కిలోవాట్లపై 20 శాతం కలిపితే దాదాపు 11 కిలోవాట్లు. ఈ అదనం అనుకోని చలికి, గాలివాటుకు, బరకం చిరుగులకు. కొందరు ఇదే అదనుగా రెట్టింపు సామర్థ్యం ఉన్నది కొంటే మేలనుకుంటారు. అది సరికాదు. పగలు బయట 29 డిగ్రీలు ఉన్నప్పుడు అదే గదికి కావలసింది 2.3 కిలోవాట్లే. భారీ హీటరును అంత తక్కువకు తగ్గించడం కుదరదు. వెలిగించినప్పుడు గది మండిపోతుంది, ఆర్పినప్పుడు చల్లబడిపోతుంది. ఈ ఎగుడుదిగుడులు పిల్లలకు నిలకడైన చలి కన్నా తక్కువ హాని ఏమీ చేయవు.

కనుక 12 కిలోవాట్ల హీటరు ఒకటి కన్నా 4 కిలోవాట్లవి మూడు మేలు. పగలు ఒకటి, సాయంత్రం రెండు, తెల్లవారుజామున మూడు వెలిగించుకోవచ్చు. వేడి గది అంతటా సమంగా పరుచుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అర్ధరాత్రి ఒకటి చెడిపోయినా మిగిలిన రెండూ బయట 17 డిగ్రీల చలిలో గదిని 31 డిగ్రీల వద్ద నిలపగలవు. పిల్లలు కాస్త ముడుచుకుంటాయి తప్ప చావవు. ఒకే పెద్ద హీటరు చెడిపోతే పలుచని బరకం గది కొద్దిసేపట్లోనే బయటి చలికి దిగుతుంది. మూడూ వెలిగితే బయట 12 డిగ్రీల చలిని కూడా ఈ గది తట్టుకోగలదు.

హీటర్లపై సామర్థ్యం వేర్వేరు కొలతల్లో ముద్రించి ఉంటుంది. ఒక కిలోవాటు అంటే గంటకు 860 కిలో కేలరీలు, లేదా 3,412 బీటీయూలు. 11 కిలోవాట్లు కావాలంటే సుమారు 37,500 బీటీయూల పరికరాలు చూడాలి. దుకాణంలో ఇన్ని పిల్లలకు సరిపోతుందని చెప్పినప్పుడు అది గొడుగు కింది లెక్కా, గది లెక్కా అని అడిగి తెలుసుకోవాలి.

తుది తీర్పు పిల్లలదే

హీటరు అమర్చాక పిల్లలు రావడానికి 24 గంటల ముందే వెలిగించి గదిని, ఊక పరుపును వేడెక్కించాలి. గాలి వేడెక్కినా నేల చల్లగా ఉంటే ప్రయోజనం లేదు. థర్మామీటరు మనిషి కంటి ఎత్తులో కాక పిల్లల వీపు ఎత్తులో, నేలకు రెండు అంగుళాల పైన వేలాడదీయాలి. గది నడుమ ఒకటి, చల్లని మూలలో ఒకటి ఉండాలి. మొదటి రాత్రి తెల్లవారుజామున మూడు నుంచి ఆరు గంటల మధ్య రెండుసార్లు చూసి రాసుకుంటే లెక్క నిలిచిందో లేదో తేలిపోతుంది.

పిల్లలన్నీ హీటరు కింద గుమిగూడి కిచకిచమని అరుస్తుంటే వేడి చాలలేదని అర్థం. హీటరుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్క నుంచి గాలి దూరుతున్నట్లు. గది అంతటా సమంగా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని పడుకుని ఉంటే వేడి సరిగ్గా ఉన్నట్లు. పిల్ల కాళ్లను చెంపకు ఆనించి చూడడం కూడా మంచి పరీక్షే. కాళ్లు చల్లగా ఉంటే నేల చల్లగా ఉన్నట్లే.

గాలి కోసం పరదాను కింది నుంచి తెరవరాదు. పై అంచున జానెడు సందు వదిలితే చెడుగాలి బయటికి పోతుంది, పిల్లల మీద చలిగాలి కొట్టదు. గదిలోకి అడుగుపెట్టగానే కళ్లు మండినా, బరకం లోపలి వైపు నీటి బొట్లు కారుతున్నా గాలి చాలడం లేదని తెలుసుకుని వెంటనే సందు పెంచాలి.

నిప్పు జాగ్రత్త మరవరాదు. ఊక, కాగితాలు, బరకం, వెదురు అన్నీ అంటుకునేవే. బ్రూడర్లను తాడుతో కాక ఇనుప గొలుసుతో వేలాడదీయాలి. గ్యాసు గాలి కన్నా బరువైనది కనుక లీకైతే నేలబారున, పిల్లల ఎత్తులోనే పేరుకుంటుంది. సిలిండరును గది బయట నిలబెట్టి, గొట్టాన్ని ప్రతి విడతకు ముందు సబ్బు నురగతో పరీక్షించాలి. నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు అందుబాటులో ఉంచాలి.

బాతు పిల్లలకు

కొల్లేరు ప్రాంతంలో కోత కోసిన వరి చేలలో మేపే బాతుల మందలు సర్వసాధారణం. బాతు పిల్లలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. వాటికి మొదటి వారం సుమారు 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ చాలు. వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. అయితే బాతు పిల్లలు నీళ్లు చిందించి పరుపును త్వరగా తడిపేస్తాయి కనుక గాలి మార్పుకు మరికొంత ఎక్కువ లెక్క వేసుకోవాలి.

లెక్క క్లుప్తంగా

గోడలు, పైకప్పు కలిపి చదరపు మీటర్లలో కొలవాలి. ఒంటిపొర బరకమైతే 6తో, ఖాళీ వదిలిన రెండు పొరలైతే 3.5తో గుణించాలి. గది ఘన మీటర్లను గంటకు మారే గాలి సంఖ్యతో, 0.33తో గుణించి దానికి కలపాలి. వచ్చిన మొత్తాన్ని లోపల కావలసిన వేడికీ, తమ ఊరి అతి చల్లని రాత్రికీ ఉన్న డిగ్రీల తేడాతో గుణిస్తే కావలసిన వాట్లు తేలతాయి. దానిపై 20 శాతం కలిపి, ఆ మొత్తాన్ని రెండు మూడు చిన్న హీటర్లుగా పంచుకోవాలి. హీటరు కొనడానికి వెళ్లే ముందు ఈ అంకె కాగితం మీద రాసుకుని వెళితే, డబ్బు ముందుగా రెండో బరకంపై పెట్టాలో, హీటరుపై పెట్టాలో రైతుకే తెలిసిపోతుంది.